3.. 2.. 1.. సంతకం!

ఫ్లోరిడా తూర్పు తీరంలో ఎవరికైనా ఫోన్ చేయాలంటే ముందు మూడంకెలు నొక్కాలి... 3, 2, 1. రాకెట్ ఎగిరే ముందు లెక్కపెట్టే అంకెలే! 1999లో ఆ ప్రాంతానికి ఏరికోరి ఇచ్చిన ఏరియా కోడ్ అది. కేప్ కెనవెరాల్, కోకో బీచ్, టైటస్‌విల్... ఈ ఊళ్ళన్నిటినీ కలిపి 'స్పేస్ కోస్ట్' అంటారు. గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో కూర్చున్నా పులస కథ ఒకటి వినిపించినట్టు, ఇక్కడ ఎవరిని కదిపినా ఓ రాకెట్ కథ బయటికొస్తుంది. హోటళ్ళ గోడలకు వ్యోమగాముల ఫొటోలు. ఫొటో మీద ఓ మూలగా, సిరాతో గీసిన సంతకం.

ఆ సంతకం ఎంత చేస్తుంది? చూడ్డానికి సరదా ప్రశ్నే. దాని వెనక మాత్రం భార్యాబిడ్డల భవిష్యత్తు గురించిన బెంగ ఉంది, పరువు పోగొట్టుకున్న వీరులున్నారు, మోసాలున్నాయి, చావులూ ఉన్నాయి.

ఓర్లాండో నుంచి కారులో తూర్పుకు బయల్దేరితే గంటలో కెన్నెడీ స్పేస్ సెంటర్ చేరుకోవచ్చు. దారికి రెండు పక్కలా చిత్తడి నేలలు, కొంగలు. అదృష్టం బాగుంటే (లేక బాగోకపోతే) కాలవలో మొసలిజాతి ఆలిగేటర్లు. అంతరిక్ష కేంద్రం, వన్యప్రాణుల అభయారణ్యం... రెండూ పక్కపక్కనే కాపురం చేస్తుంటాయిక్కడ. దూరంగా 525 అడుగుల ఎత్తున రాకెట్లను నిలబెట్టి బిగించే భవనం కనిపిస్తుంది. సందర్శకుల కేంద్రంలోకి అడుగుపెడితే పాత రాకెట్లన్నీ తోటలో చెట్లలా నిలబడి ఉంటాయి. మాజీ వ్యోమగాములు వచ్చి జనంతో కబుర్లు చెప్పే కార్యక్రమాలూ ఇక్కడ మామూలే. పిల్లలు పుస్తకాలు పట్టుకుని వరసలో నిలబడతారు. వాళ్ళ వెనకే, పెద్ద పెద్ద కవర్లలో నలగకుండా ఫొటోలు దాచుకుని వచ్చే పెద్దవాళ్ళూ ఉంటారు. వాళ్ళే అసలైన సేకరణదారులు!

ఈ తీరానికి సంతకాల పిచ్చి 1959లో, 'మెర్క్యురీ' ప్రాజెక్టుకు ఏడుగురు పైలట్లను ఎంపిక చేసిన రోజుల్లోనే పట్టుకుంది. అప్పటికి వాళ్ళింకా అంతరిక్షం మొహమైనా చూళ్ళేదు. అయినా కోకో బీచ్‌లో అడుగు పెడితే చాలు, జనం మూగేవారు. వాళ్ళు బసచేసే మోటల్ మేనేజర్ హెన్రీ లాండ్‌విర్త్ నాజీల మృత్యు శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. వాళ్ళకు ఆయన ప్రాణస్నేహితుడైపోయాడు. పాతికేళ్ళ తర్వాత, 1984లో, ఆ ఏడుగురిలో బతికున్న ఆరుగురూ, చనిపోయిన గస్ గ్రిసమ్ భార్య బెట్టీ, లాండ్‌విర్త్ తదితరులు కలిసి విద్యార్థుల ఉపకార వేతనాల కోసం ఓ ఫౌండేషన్ పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఆస్ట్రోనాట్ స్కాలర్‌షిప్ ఫౌండేషన్. ఆ సంస్థ నిధులు సమకూర్చుకున్న మార్గాల్లో ఒకటి... వ్యోమగాముల సంతకాలు. ఎవరి గోడ మీదికో ఓ ఫొటో, ఎవరి చదువుకో ఫీజు. సంతకం అమ్ముకోవడం తప్పేమీ కాదని చెప్పదలచుకుంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అంతకంటే కదిలించే ఉదాహరణ ఇంకొకటుంది.

కవర్ల మీద కుటుంబాలు

1969 జులై. అపోలో-11 ప్రయాణానికి సిద్ధమవుతోంది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్... ముగ్గురూ పెళ్ళాం పిల్లలున్నవాళ్ళే. చంద్రుడి మీదికి వెళ్ళేవాడికి బీమా ఇవ్వాలంటే కంపెనీలు అడిగే ప్రీమియం ప్రభుత్వ జీతగాళ్ళకు అందేది కాదు. మరేం చేయాలి? జబ్బులు అంటకుండా విడిగా ఉంచిన రోజుల్లో ముగ్గురూ కూర్చుని వందల కొద్దీ తపాలా కవర్ల మీద సంతకాలు చేశారు. వాటిని నమ్మకస్తుల చేతికిచ్చారు. రాకెట్ ఎగిరిన జులై 16న కొన్నిటికీ, చంద్రుడి మీద దిగిన జులై 20న కొన్నిటికీ తపాలా ముద్రలు వేయించి కుటుంబాలకు అందజేసే ఏర్పాటు. తాము తిరిగి రాకపోతే, వాటిని అమ్ముకుని పిల్లల్ని పెంచుకోమని!

అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. కవర్లు బీరువాల్లోనే ఉండిపోయాయి. అపోలో-16 దాకా ఈ ఆనవాయితీ సాగింది. ఏళ్ళు గడిచాక అవి బయటికొచ్చాయి. సేకరణదారులు వాటికి పెట్టిన పేరే 'ఇన్సూరెన్స్ కవర్లు'. రాకెట్ తోటలో నిలబడి ఈ సంగతి తలచుకుంటే, పైకి చూసే కళ్ళు కాసేపు కిందికి దిగుతాయి. చంద్రుడి మీదికి వెళ్ళే మనిషి కూడా ఇంటి అద్దె, పిల్లల చదువు గురించే ఆలోచించాడన్నమాట.

రెండేళ్ళకే కథ అడ్డం తిరిగింది. 1971లో అపోలో-15లో వెళ్ళిన స్కాట్, వోర్డెన్, ఇర్విన్ దాదాపు నాలుగొందల కవర్లను అనుమతి లేకుండా వెంట తీసుకెళ్ళారు. చంద్రుడి దాకా వెళ్ళొచ్చిన ఆ కవర్లమీద, తిరుగు ప్రయాణంలో హవాయి నుంచి హ్యూస్టన్‌కు వెళ్ళే విమానంలో కూర్చుని సంతకాలు పెట్టారు. అందులో వంద ఓ జర్మన్ స్టాంపుల వ్యాపారికి చేరాయి. ఆయన ఒక్కోటి 1500 డాలర్లకు అటూఇటూగా అమ్మేశాడు. వ్యోమగాములకు ముట్టజెప్పాలనుకున్నది తలా 7000 డాలర్లు, పిల్లల కోసమని. గొడవ బయటపడేసరికి ఆ సొమ్ము వద్దనేశారు. అయినా లాభం లేకపోయింది. 1972లో నాసా మందలించింది. ముగ్గురిలో ఏ ఒక్కరూ మళ్ళీ అంతరిక్షంలోకి వెళ్ళలేదు. మిగిలిన కవర్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, వోర్డెన్ కోర్టుకెక్కాక 1983లో తిరిగిచ్చేసింది. అవే కవర్లు, అదే బెంగ. ఒకటి ముందుచూపు అనిపించుకుంది, ఇంకొకటి కుంభకోణమైంది. తేడా ఎక్కడుందంటే... అనుమతిలో ఉంది, దాచడంలో ఉంది. అంతకుమించి వాళ్ళను దొంగల్లా చూడటం న్యాయం కాదు.

పేరు రాస్తే ధర పోయె!

ఇంతకీ ఓ ఫొటో విలువ కట్టేదెలా? షటిల్‌లో వెళ్ళొచ్చిన చాలామంది సంతకాలు పదుల డాలర్లకే దొరుకుతాయి. చంద్రుడి మీద నడిచిన 12 మందిలో ఎవరిదైనా అయితే వందల్లోకి వెళుతుంది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌దైతే వేలల్లో మాట.

అందులోనూ ఓ ఫొటోకి మహా గిరాకీ. తెల్లటి స్పేస్ సూట్‌లో, హెల్మెట్ లేకుండా నాసా తీయించిన అధికారిక చిత్రం అది. చంద్రుడి మీద తీసింది కాదు. అక్కడి ఫొటోల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ సరిగ్గా కనబడేవే తక్కువ. ఎందుకంటే కెమెరా ఎక్కువసేపు ఆయన చేతిలోనే ఉంది మరి! ప్రపంచమంతా చూసిన ఆ ప్రసిద్ధ చిత్రంలో ఉన్నది ఆల్డ్రిన్. ఆర్మ్‌స్ట్రాంగ్ అందులో ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలో ప్రతిబింబంగా మాత్రమే ఉంటాడు.

తెల్ల సూట్ ఫొటో మీద సంతకం తెల్లని చోట పడిందా, ముదురు రంగులో మునిగిపోయిందా అన్నది చూస్తారు. ఎండకు వెలిసిందా అని చూస్తారు. అన్నిటికన్నా ముందు చూసేది, సంతకం పైన ఎవరి పేరైనా ఉందా అని. 'ఫలానా బాబుకు శుభాకాంక్షలతో' అని ఉంటే ధర సగానికీ దిగువకు పడిపోవడం మామూలే. ఎంత విడ్డూరం! ఆ మహానుభావుడు ఓ పిల్లాడి ఉత్తరం చదివి, పేరు గుర్తుపెట్టుకుని, స్వయంగా రాసిన నాలుగు మాటలు సంతకం విలువను పెంచాలి కదా. సంతలో మాత్రం అది మచ్చ. గృహప్రవేశంలో వచ్చిన స్టీలు గిన్నెలాంటిదే ఇదీ. దాని మీద పేరు చెక్కించి ఉంటే ఇంకొకరికి ఇవ్వలేం. మనకు మాత్రం అదే జ్ఞాపకం.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళందరికీ ఉచితంగా సంతకాలు చేసి పోస్టులో పంపేవాడు. తాను పిల్లలకనుకుని పంపినవి వ్యాపారుల చేతుల్లో తిరుగుతున్నాయని తెలిశాక, 1994 ప్రాంతంలో మానేశాడు. ఒక్కడు ఆపేస్తే ఏమవుతుంది? అప్పటిదాకా ఉన్న సంతకాల ధర ఇంకా ఎగబాకింది! ఆయన సొంత రాష్ట్రమైన ఒహాయోలో, 2005లో, క్షవరం చేసే మనిషి ఆయన కత్తిరించిన జుట్టును ఓ సేకరణదారుడికి మూడువేల డాలర్లకు అమ్ముకున్న సంగతి కూడా బయటపడింది. సంతకం చేయనంటే మానేశాడనుకోవచ్చు, జుట్టు పెరగకుండా ఎవరాపగలరు? 2012లో ఆయన కన్నుమూశాడు. 2018లో కుమారులు ఆయన దాచుకున్న వస్తువుల వేలం మొదలుపెట్టారు. మొదటి విడతకే 50 లక్షల డాలర్లు దాటింది. అమ్ముడైనవాటిలో ఇన్సూరెన్స్ కవర్లూ ఉన్నాయి. బీమా సొమ్ము అలా అందిందనుకోవాలేమో, దాదాపు యాభై ఏళ్ళు ఆలస్యంగా.

ఇంత డబ్బున్నచోట నకిలీలు ఉండకుండా ఉంటాయా? దొంగ సంతకాల్లో ఆర్మ్‌స్ట్రాంగ్‌దే పెద్దపీట. అసలు మనిషి ముట్టుకోని 'అధికారిక' సంతకాలూ ఉన్నాయి. వేలల్లో వచ్చే ఉత్తరాలకు జవాబివ్వడానికి నాసా ఆటోపెన్ వాడేది. ఓ యంత్రపు చెయ్యి పెన్ను పట్టుకుని, అచ్చు మీద ఉన్న సంతకాన్ని అలాగే గీసేస్తుంది. సిరా నిజమైనదే, పెన్నూ నిజమైనదే. చెయ్యే కాదు! పట్టుకోవడం ఎలాగంటే... మనిషి ఒకే సంతకం రెండుసార్లు అచ్చుగుద్దినట్టు చేయలేడు. బ్యాంకు గుమాస్తాల చేత చీవాట్లు తిన్నవాళ్ళకు ఈ సత్యం ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతుర్లో చూస్తే గీతకు గీత కలిసిపోయిందా, అది యంత్రమే. గీత అంతటా ఒకే ఒత్తిడి, మొదట్లో చివర్లో పెన్ను ఆగిన చుక్క... ఇవీ ఆనవాళ్ళే. అందుకే పాకం తిన్న సేకరణదారులు అప్పటి యంత్రం అచ్చుల నమూనాలన్నీ దగ్గర పెట్టుకుంటారు.

రాతిలో పేర్లు

సందర్శకుల కేంద్రంలోనే ఓ పక్కగా నల్లరాతి గోడ ఒకటుంది. 1991లో కట్టిన 'స్పేస్ మిర్రర్' స్మారకం. అమెరికా అంతరిక్ష ప్రయత్నాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లు గ్రానైట్‌ను చీల్చి చెక్కారు. వెనక నుంచి వెలుతురు పడితే ఆ పేర్లు ఆకాశంలో తేలుతున్నట్టు కనిపించేవి. గోడ మొత్తం సూర్యుడితోపాటు తిరిగేలా కట్టారు. 1997లో యంత్రం పాడయ్యాక దీపాలతో సరిపెడుతున్నారు.

1967లో అపోలో-1 మంటల్లో పోయిన గ్రిసమ్, వైట్, చాఫీ. 1986 ఛాలెంజర్ ఏడుగురు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియాతో కాలిపోయిన ఏడుగురు... వాళ్ళలో మన కల్పనా చావ్లా. ఇక్కడికొచ్చే భారతీయులు మొదట వెతికేది ఆ పేరునే. సంతకాల సంతలో బయటికి చెప్పుకోని సంగతి ఒకటుంది. ఈ గోడమీది పేర్ల సంతకాలకు ధర ఎక్కువ. ఇక ఎప్పటికీ చేయలేరు కాబట్టి! ఛాలెంజర్‌లో వెళ్ళిన టీచర్ క్రిస్టా మెకాలిఫ్ అంతరిక్షం చేరకుండానే పోయారు. అయినా ఆవిడ సంతకం చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన కొందరి సంతకాల కంటే ఎక్కువ పలుకుతుంది. లెక్క ప్రకారం సరైనదే. వినడానికి మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

మన దగ్గరా ఈ సేకరణ ఉంది, చిన్నగా. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయజ్ టి-11లో ఎగిరారు. ఆ రోజే మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. ఆ కవరు మీద శర్మ సంతకం ఉంటే దాచుకోని భారతీయ సేకరణదారుడు ఉండడు. ఆ తర్వాత భారత వైమానిక దళం నుంచి మళ్ళీ ఓ వ్యోమగామి బయల్దేరడానికి 41 ఏళ్ళు పట్టింది. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా ఎగిరింది ఈ తీరం నుంచే. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం బయల్దేరిన 39ఎ వేదిక మీద నుంచే. హైదరాబాద్ నుంచి వలసవెళ్ళిన తండ్రికి పుట్టిన రాజాచారి 2021 నవంబరులో నాసా వ్యోమగామిగా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిందీ అక్కణ్ణుంచే. ప్రయోగం ఉన్న రోజు టైటస్‌విల్ నది ఒడ్డున కుర్చీలు, ఐస్ పెట్టెలు, దుప్పట్లతో జాతరే. ఒడ్డునే ఉన్న పార్కులో పాత వ్యోమగాముల అరచేతుల అచ్చులు కంచులో పోసి పెట్టారు. పిల్లలు వాటిలో తమ చేతులు పెట్టి కొలుచుకుంటుంటారు.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్ళి, మనవళ్ళతో ఈ తీరానికి వచ్చే తెలుగు తాతయ్యలకు, అమ్మమ్మలకు ఓ మాట. ఉద్యోగంలో ఉన్న నాసా వ్యోమగాములు సంతకానికి పైసా తీసుకోకూడదన్నది నిబంధన. ఏ సభలోనైనా ఎదురైతే మొహమాటపడకుండా అడగొచ్చు. వ్యాపారం చేసే ఉద్దేశం లేకపోతే పిల్లల పేరు కూడా రాయమనాలి. ధర తగ్గితే తగ్గనీ. పేరు మాత్రం ముందే ఓ కాగితమ్మీద పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పట్టుకోవడం మంచిది. వేంకట సత్య సాయి లక్ష్మీ ప్రసన్నలు వాళ్ళకి కాస్త కష్టం.