జీరో టికెట్టు

ఒంగోలు నుంచి కొత్తపట్నం సముద్రం 18 కిలోమీటర్లు ఉంటుంది. అమ్మ కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళావని అడిగితే వేళ్ళు మడిచింది. కార్తీక పౌర్ణమి స్నానాలకి మూడుసార్లు, నానమ్మ అస్థికలు కలిపినప్పుడు ఒకసారి.

"ఊరికే ఎప్పుడూ పోలేదా?"

"ఊరికే పోతారంట్రా ఎవరన్నా సముద్రానికి?"

మా ఇంట్లో బస్సెక్కాలంటే పనుండాలి. పెళ్ళి, చావు, ఆస్పత్రి, మొక్కు. నాన్న పొగాకు కంపెనీలో గుమాస్తా. ఛార్జీలంటే పాల డబ్బుల్లోంచి తీయాల్సినవి. ఊరికే తిరగడం నేను హైదరాబాద్ వెళ్ళాక నేర్చుకున్నా. అక్కడ ఊరికే కూర్చోడానిక్కూడా కాఫీ కొనాలి, అది వేరే సంగతి. ఒకసారి యంత్రంతో అలలు పుట్టించే కొలనులో దిగడానికి టికెట్ కొన్నాను. లైన్లో నిలబడ్డాక బంగాళాఖాతం గుర్తొచ్చి సిగ్గేసింది.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఈసారి సెలవులకొచ్చినప్పుడు ఆ మాటే పట్టుకుని పోదాం పదమన్నాను. "పనేంది అక్కడ?" అంది. ఆ రాత్రి మాత్రం చింతపండు నానబెట్టింది.

కండక్టరు దగ్గరికి రాగానే పర్సులోంచి ఆధార్ కార్డు తీసింది. రేషన్‌కీ, బ్యాంకుకీ, కంటి ఆపరేషన్‌కీ చూపించిన కార్డే. ఒక షికారుకి చూపించడం ఇదే మొదలు. ఆమెకి జీరో టికెట్టు, నాకు డబ్బుల టికెట్టు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "నువ్వే దండగ" అంది.

దారిలో రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్ల తెల్లటి నురగ. బకింగ్‌హామ్ కాలువ దాటుతుంటే, వాళ్ళ తాత దీన్లోనే పడవ మీద మద్రాసు పోయొచ్చేవాడని చెప్పింది. నాకిన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "ఇటు ఎప్పుడొచ్చాం గనక" అంది. ఊళ్ళో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆటోలో జీరో లేదు కాబట్టి బేరం గట్టిగానే ఆడింది.

1937లో ఇదే కొత్తపట్నంలో పెట్టిన రాజకీయ పాఠశాలని ప్రభుత్వం నిషేధించింది, వచ్చినవాళ్ళని లాఠీలతో కొట్టించింది. ఆ కథ చెప్పుకుంటూ నడుస్తున్నాను. తిరిగి చూస్తే అమ్మ నా పక్కన లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పైకెత్తి, తడి ఇసుకలో నిలబడి ఉంది. అల వచ్చి పాదాల కింద ఇసుక లాక్కుపోయినప్పుడల్లా ఒకడుగు వెనక్కి వేస్తోంది. ఇంకా లోపలికి రమ్మంటే రాలేదు. ఈ సముద్రం లాగేస్తుందని చిన్నప్పట్నుంచీ మాకు చెప్పింది ఆమే.

సరుగుడు చెట్ల నీడన పులిహోర, చల్లమిరపకాయలు తిన్నాం. సీసాలో నీళ్ళు నేనొక్కణ్ణే తాగాను. అమ్మ పొద్దుట్నుంచీ గొంతు తడుపుకోవడంలేదని అప్పుడు గమనించాను. "బయటికొస్తే నేను తాగన్రా. మళ్ళీ ఎక్కడికని పోవాలి?" మాములుగా అనేసి బాక్సు మూత పెట్టింది. ఇంత దూరం ఖర్చు లేకుండా వచ్చామని నేను మనసులో వేసుకున్న లెక్కలో ఇది లేదు. ఆమె నాలుగింటికే లేచి వంట చేసి నాన్నకి మూతలు పెట్టి రావడం కూడా లేదు.

"ఇంక పోదామా" అని మూడుసార్లు అడిగింది. తర్వాత అడగలేదు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని చూస్తూ, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. నేను ఫోన్ తీసి, ఫోటో తీయకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో కండక్టర్ని తనే పలకరించింది.

"బాబూ, దర్శి బస్సుకి కూడా ఈ కార్డు చాలా?"

"చాలమ్మా."

దర్శిలో పెద్దమ్మ ఉంటుంది. వాళ్ళబ్బాయి పెళ్ళయ్యాక అమ్మ అటు వెళ్ళలేదు.

"ఏం పనమ్మా దర్శిలో?" అన్నా.

"పనేముంది. చూసొస్తా" అని, టికెట్టు నాలుగు మడతలు పెట్టి కార్డుతోపాటు పర్సులో దాచుకుంది.