కడీలు మొలిచిన చేలు

చేవెళ్ల రోడ్డు మీది మర్రిచెట్ల వరుస దాటి పక్కదారి పడితే, ఊరికన్నా ముందు వెంచర్ కమాను ఎదురవుతుంది. లోపల నున్నటి తారురోడ్లు, కరెంటు స్తంభాలు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. కనుచూపు మేరా సున్నం కొట్టిన కడీలే, వాటి మీద ఎర్రరంగుతో ప్లాటు నంబర్లు.

"ఇండ్లొస్తే మాకేం బాధ సార్? ఇండ్లు రాలె, రాళ్లొచ్చినయ్" అన్నాడు ఊళ్లో కలిసిన మాజీ వార్డు సభ్యుడు. పల్లెలు పట్నాలైపోతున్నాయని దూరాన కూర్చుని బెంగపడేది మనబోటివాళ్లం. ఈ ఊరి ఫిర్యాదు వేరు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాల రక్షణకు, చుట్టుపక్కల నిర్మాణాల మీద ఆంక్షలతో 1996లో తెచ్చిన 111 జీవో కిందికి 84 గ్రామాలు వచ్చాయి. 2022లో జీవో 69తో దాన్ని సడలించారు, మరుసటేడు మేలో పూర్తిగా ఎత్తేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఈ ఊరు ఆ జాబితా అంచున ఉంది. జీవో మాట ఎత్తితే నవ్వుతారు. లేఔటు వేస్తేనే కదా అనుమతి గొడవ? ఇక్కడ అమ్మేది గుంటల్లో. గుంటంటే 121 గజాలు, కాగితాల్లో అది వ్యవసాయ భూమే. పద్ధతిగా వేసిన లేఔటైతే పదిశాతం జాగా ఊరుమ్మడికి వదలాలి. గుంటల లెక్కలో ఆ వదలడమే లేదు.

వార్డు సభ్యుడి తండ్రి నన్ను ఒర్రె దాకా నడిపించాడు. పైచేల వాన నీళ్లన్నీ దాంట్లోంచే ఊరి కుంటకు చేరేవట. ఇప్పుడు దానికి అడ్డంగా వెంచర్ రోడ్డు, రోడ్డు కింద మనిషి తల పట్టనంత పైపు ఒకటి. పెద్దవానకు పైచేలో పత్తి మునుగుతుంది, కింద కుంట నిండదు. "మత్తడి దుంకుడు సూసి ఎన్నేండ్లాయెనో" అన్నాడాయన. కుంట నిండకపోతే చుట్టుపక్కల బోర్లకు ఊట ఉండదు. బండ్ల బాటకు గేటు పెట్టారు. వాచ్‌మన్ మంచివాడైన రోజే ట్రాక్టరు లోపలికి పోతుంది.

అమ్ముకున్న రైతుల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఒకాయన ఆ డబ్బుతో బిడ్డ పెళ్లి చేసి, పరిగి అవతల ఇంతకు రెట్టింపు భూమి కొన్నాడు. దెబ్బ తగిలింది భూమి లేనివాళ్లకు. ఇదే చేలో టమాట తెంపిన ఒకామె ఇప్పుడు పొద్దున్నే కూలికి ఆటోలో మరో మండలం పోతోంది. "పడావు భూమిల ఏం పని దొర్కుతది బిడ్డా? మేకల్ని తోలినా ఎళ్లగొడుతుండ్రు" అంది.

పంచాయతీలోనూ ఇండ్లు రాలేదన్న ఇదే గోడు. వీధిదీపాలు వేయమని ప్లాట్లవాళ్లు ఫోన్లు చేస్తారు, ఇల్లే లేనిదానికి ఇంటిపన్ను ఎవరిస్తారు? ఒర్రె దారి సర్వే చేయించి, నీరు పారేంత కల్వర్టు కట్టించాలని గ్రామసభలో తీర్మానం రాశారట. అది తహసీల్దారు దాకా వెళ్లింది, ఇంకా తిరిగి రాలేదు.

బయల్దేరుతుంటే వార్డు సభ్యుడు ఆపాడు. "మీకెర్కున్నోళ్లు ఎవలన్న ఈడ ప్లాటు కొన్నరా సార్? కొంటే ఇల్లు కట్టుకోమనుండ్రి. పిల్లల్ని మా బడికే తోలమనుండ్రి. రేటు పెరిగేదాంక రాళ్లకు కావలుండుడు మాతోని అయితలేదు."