అరవయ్యో ఏట కొత్త మీటు

సంగీతం చిన్నప్పుడే నేర్చుకోవాలనీ, పెద్దయ్యాక వేళ్లు మాట వినవనీ మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. వేళ్ల సంగతి కొంతవరకు నిజమే. కానీ పెద్ద వయసులో మొదలుపెట్టేవారికి పిల్లలకు లేని సౌకర్యం ఒకటుంది. పరీక్షల భయం గానీ, కచేరీ చేయాలనే తొందర గానీ ఉండవు. మూడేళ్లుగా గిటారు నేర్చుకుంటున్న నాకు ఇది బాగా తెలిసివచ్చింది. అదీ సినిమా పాటల గిటారు కాదు, ఫ్లాట్‌పికింగ్ అనే పద్ధతి. ఆ పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్త కావచ్చు కనుక ముందు దాని గురించి రెండు ముక్కలు చెబుతాను.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న పలకలాంటి పిక్కును పట్టుకుని, కరెంటు అవసరంలేని గిటారు మీద ఇనుప తీగలను మీటుతూ వరుసగా స్వరాలు పలికించడమే ఫ్లాట్‌పికింగ్. అమెరికాలో అపలేచియన్ కొండప్రాంతాల వాళ్లు పెళ్లిళ్లకూ నాట్యాలకూ ఫిడేలు మీద వాయించుకునే పాత వరుసలు దీనికి ఆధారం. గిటారు అప్పట్లో వెనక తాళం వేసే వాయిద్యంగానే ఎక్కువగా ఉండేది. దాన్ని ముందుకు తెచ్చినవారిలో డాక్ వాట్సన్ ముఖ్యుడు. ఆయన 1923లో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని డీప్ గ్యాప్‌లో పుట్టాడు. ఏడాది నిండకముందే చూపు పోయింది. 1950లలో ఆయన వాయించే నాట్యబృందంలో ఫిడేలు వాయించేవారు లేకపోతే, ఫిడేలు వరుసలను తానే గిటారు మీద వాయించడం మొదలుపెట్టాడు. 2012లో కన్నుమూసేదాకా ఎందరికో దారి చూపించాడు.

బెంగుళూరులో మూడు తరాలుగా స్థిరపడ్డ మాకు ఆ కొండలతో ఏం సంబంధమంటారా? మా అబ్బాయి ఉద్యోగం రాలీ నగరంలో. 2019 సెప్టెంబరులో మావారూ నేనూ అక్కడికి వెళ్లాం. 2013 నుంచి 2024 దాకా బ్లూగ్రాస్ సంగీతోత్సవం ఏటా ఆ ఊళ్లోనే జరిగేది. ఆ రోజుల్లో ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద వీధిలో కార్లు ఆపేసి, అడుగడుగునా పాటలు పెట్టేవారు. చెట్టు కింద ఒకరికొకరు పరిచయం లేని ఆరేడుగురు గుండ్రంగా నిలబడి, వంతులవారీగా వాయించడం చూశాం. ఒకరు స్వరం ఎత్తుకుంటే మిగతావాళ్లు గొంతు తగ్గించినట్టు వాయిద్యాలు తగ్గించి తాళం అందిస్తున్నారు. “మన భజన గోష్ఠిలాగే ఉందే!” అన్నారు మావారు.

ఆయన 2021లో కాలం చేశారు. తర్వాత ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. అబ్బాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. “తిన్నావా అమ్మా? మందులు వేసుకున్నావా?” ఆ రెండు ప్రశ్నలూ అయ్యాక ఇద్దరికీ మాటలుండేవి కావు. మనవరాలు బడిలో ఫిడేలు నేర్చుకుంటోంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే సిగ్గు. “నానమ్మా, హాయ్” అని పక్కకు తప్పుకునేది. అటువంటి రోజుల్లో అబ్బాయి కాలేజీలో కొనుక్కుని వదిలేసిపోయిన గిటారు దుమ్ము దులిపాను. అప్పటికి నాకు అరవై నిండాయి.

పెళ్లికి ముందు నేను ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. అందుకని ఎడమచేతికి పెద్ద కష్టం కాలేదు. తీగ నొక్కితే వేలికొసలు మండడం, తర్వాత కాయలు కాయడం పాత పరిచయమే. చిక్కంతా కుడిచేతితో వచ్చింది. వీణలో ఒక్క మీటు మీద తీగను లాగి మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. గమకమంతా ఎడమచేతి పుణ్యం. ఫ్లాట్‌పికింగ్‌లో దాదాపు ప్రతి స్వరానికీ ఒక మీటు వేయాల్సిందే. ఈ గిటారు నాదం త్వరగా ఆరిపోతుంది, కాబట్టి కుడిచేయి ఆగకుండా ఆడుతుంటేనే పాటకు ఒరవడి వస్తుంది.

ఆ ఆటకు ఒక నియమం ఉంది. తాళం దెబ్బ మీద పడే స్వరాన్ని పైనుంచి కిందికి మీటాలి, రెండు దెబ్బల నడుమ వచ్చేదాన్ని కిందినుంచి పైకి. మధ్యలో ఒక స్వరం లేకపోయినా చేయి మాత్రం గడియారంలో లోలకంలా ఊగుతూనే ఉండాలి, తీగను తాకకుండా గాలిలో అయినా సరే. అప్పుడే లయ చెడదు. పిక్కును బిగించి పట్టుకుంటే ముంజేయి నొప్పి పుడుతుంది, మరీ వదులుగా పట్టుకుంటే తిరిగిపోతుంది. పట్టు వేళ్లది, కదలిక మణికట్టుది. ఇంత చిన్న విషయం చేతికి అబ్బడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నేను నేర్చుకున్నదంతా ఇంటర్నెట్ పాఠాలతోనే. వీటిలో ఉన్న మేలు ఏమిటంటే, మాస్టారు వాయించినదాన్ని శ్రుతి మారకుండా సగం వేగానికి తగ్గించి చూడవచ్చు. ఒకే రెండు అక్షరకాలాల ముక్కను ఇరవైసార్లు తిప్పి వినవచ్చు, ఆయన విసుక్కోరు. లోటు ఏమిటంటే, మన చేతిని ఆయన చూడరు. అందుకే మనం వాయించిన వీడియో పంపితే చూసి సలహా చెప్పే పద్ధతి ఉన్న పాఠాలను ఎంచుకున్నాను. నా మొదటి వీడియోకు వచ్చిన జవాబు సారాంశం ఒక్కటే: భుజం దించండి, వేగం తగ్గించండి. మా వీణ మాస్టారు కూడా సరళీవరుసలప్పుడు ఇదే చెప్పేవారు!

నా సాధన రోజుకు 40 నిమిషాలు. ఉదయం కాఫీ అయ్యాక కూర్చుంటాను. మొదటి 5 నిమిషాలు ఎడమచేయి కదపకుండా, ఒట్టి తీగల మీద కిందికీ పైకీ మీటడం. తర్వాత 10 నిమిషాలు స్వరవరుసలు, ముఖ్యంగా ఒక తీగ మీదినుంచి మరో తీగ మీదికి దాటే చోట్లు. ఆ తర్వాత 15 నిమిషాలు ఆ రోజు కష్టంగా ఉన్న ఒక్క ముక్క. చివరి 10 నిమిషాలు వచ్చిన వరుసను మొదటినుంచి చివరిదాకా, తడబడినా ఆగకుండా వాయించడం. నలుగురితో కలిసి వాయించేటప్పుడు ఆగితే ఎవరూ మనకోసం ఆగరు కదా! మెట్రోనోమ్ దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున నిమిషానికి 50 దెబ్బలతో మొదలుపెట్టాను. మూడుసార్లు శుభ్రంగా పలికితేనే 2 దెబ్బలు పెంచేది. ఇప్పుడు 76 దగ్గర ఉన్నాను. అక్కడి వాళ్లు సరదాగా వాయించినా 100 దాటుతుంది. దాటనివ్వండి.

మన సంగీతం తెలిసినవారికి ఒక సులువుంది. నేను మొదట నేర్చిన ‘సోల్జర్స్ జాయ్’ అనే పాత ఫిడేలు వరుస స్వరాలు మన శంకరాభరణానివే. ‘రెడ్ హెయిర్డ్ బాయ్’ అనేదానిలో హరికాంభోజి స్వరాలు వినిపిస్తాయి. గమకాలు లేవు, రాగభావం వేరు, కానీ మెట్లు తెలిసిన మెట్లే. ఎనిమిదేసి గతుల రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండేసిసార్లు. అంతటితో వరుస పూర్తి.

మా సంఘంలో ఒక పెద్దాయన, “మన వీణ ఉండగా ఈ పరాయి వాయిద్యం ఎందుకమ్మా?” అని అడిగారు. ప్రశ్నలో అభిమానమే ఉంది. పొరుగు భాష మధ్య తరాలుగా బతుకుతూ మనది నిలుపుకోవాలని తపించేవాళ్లం, ఆ మాట నాకూ తగిలింది. నాలుగు రోజులు ఆలోచించాను. ఫిడేలును మన సంగీతానికి మలిచిన ఘనత ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్‌కు దక్కింది. ఇవాళ అది లేని గాత్ర కచేరీ అరుదు. 1969లో పాలకొల్లులో పుట్టి మద్రాసులో పెరిగిన మాండలిన్ శ్రీనివాస్, పిక్కుతో మీటే పరదేశపు వాయిద్యం మీదనే త్యాగరాజ కృతులు పలికించాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడుతుంటే, విని ఆ బాలుడు వాయించేవాడట. 2014లో చిన్నవయసులోనే వెళ్లిపోయాడు గానీ, వాయిద్యానికి కులగోత్రాలు లేవని నిరూపించి వెళ్లాడు. పెద్దాయనకు ఈ మాటలే వినయంగా చెప్పాను. “అయితే సంక్రాంతి సభలో వాయించి చూపించు” అన్నారు. ఇంకా ధైర్యం చాలలేదు.

పోయిన వేసవిలో అబ్బాయి, కోడలు, మనవరాలు వచ్చారు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఫిడేలు తీసి ‘సోల్జర్స్ జాయ్’ ఎత్తుకుంది. నేను పక్కన కూర్చుని తాళం అందుకున్నాను. తన వంతయ్యాక నావైపు చూసి తల ఊపింది, ఇక నీ వంతు అన్నట్టు. నా వేగానికి తగ్గట్టు తనే నెమ్మదించింది. పూర్తయ్యాక, “మళ్లీ వాయిద్దామా నానమ్మా?” అంది, పూర్తి తెలుగులో. అబ్బాయి ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి అందరికీ కాఫీ కలిపి తెచ్చాడు. ఇప్పుడు ఆదివారం ఫోన్లలో మందుల ప్రశ్న చివరికి వెళ్లింది. ముందు ఎంత వేగానికి వచ్చావన్నది అడుగుతారు.

మన సంఘ కుటుంబాల్లో నా వయసువారు చాలామందే ఉన్నారు. పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారూ తక్కువేం కాదు. గిటారే అక్కర్లేదు. హార్మోనియమో, వేణువో, ఎప్పుడో ఆపేసిన గాత్రమో, మీకు నచ్చినది ఎంచుకోండి. వేగం గురించి దిగులుపడకండి. రోజుకు అరగంట చాలు, కానీ రోజూ ఉండాలి. సాధన చేస్తున్నవారెవరైనా బెంగుళూరులో ఉంటే మా ఇంటికి రండి. కలిసి వాయించుకుందాం, నా మెట్రోనోమ్ లెక్కలోనే సుమా!