పోస్టర్ కింద నాలుగు ముక్కలు

ఉగాది దగ్గరపడుతుంటే మెయిల్‌కు ఆహ్వానాలు వరసగా వస్తాయి. విదేశాల్లోని తెలుగు సంఘాలవి, సాహితీ సభలవి, పూర్వ విద్యార్థుల కలయికలవి. తెరిస్తే చాలాసార్లు ఒక్క అక్షరం ఉండదు. ఖాళీ గడి, మూలన విరిగిన బొమ్మ గుర్తు, పైన బొమ్మలు చూపించాలా అన్న ప్రశ్న. తేదీ, వేళ, వేదిక, వక్తల పేర్లు అన్నీ తెరుచుకోని పోస్టర్ బొమ్మలోనే ఉండిపోతాయి.

అక్షరాలకు బదులు బొమ్మ పంపినవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. తెలుగు అవతలివాళ్ళ తెర మీద ఎలా తేలుతుందో అన్న అనుమానం మనకు పాతదే. 1990లలో అమెరికాలోని తెలుగువాళ్ళు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. తర్వాత ఫాంటు ఉన్నవాళ్ళకే ఉత్తరం కనిపించే రోజులు నడిచాయి. యూనికోడ్ వచ్చి ఆ బాధ తీర్చింది. తీరనిది వెబ్‌మెయిల్ బాధ.

మామూలు వెబ్ పేజీకి తెరంతా సొంతం. వెబ్‌మెయిల్‌లో తెరిచిన ఉత్తరం మాత్రం ఇంకొకరి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నట్టు ఉంటుంది. దానిలోని స్టైల్ సూచనలు గది దాటితే ఇంటివాళ్ళ బటన్లు చెదిరిపోతాయి. స్క్రిప్టు దాటితే ఖాతాకే ముప్పు. అందుకే జీమెయిల్, రౌండ్‌క్యూబ్, ఏదైనా సరే, వచ్చిన ఉత్తరాన్ని వడకట్టి చూపిస్తుంది. వడకట్టడం తప్పు కాదు, తప్పనిసరి. ఎవరి జల్లెడ వారిది కావడమే చిక్కు. చిన్న తెరకు తగ్గట్టు రూపు మార్చుకునే మీడియా క్వెరీలను జీమెయిల్ 2016లో గానీ ఒప్పుకోలేదు. వెబ్‌మెయిల్ కాక కంప్యూటర్‌లో నడిచే ఔట్‌లుక్ 2007లోనైతే మైక్రోసాఫ్ట్ ఉత్తరాలు చూపించే పనిని బ్రౌజర్ ఇంజన్ నుంచి తప్పించి వర్డ్‌కు అప్పగించింది. అదే ఏడాది డిజైనర్లు విసిగిపోయి ఈమెయిల్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పెట్టి, ఏ మెయిల్ సాఫ్ట్‌వేర్ ప్రమాణాలను ఎంతవరకు పాటిస్తోందో పరీక్షించి చూపించారు. వెబ్ ఎప్పుడో వదిలేసిన టేబుళ్ళతో ఈమెయిళ్ళు ఇప్పటికీ అల్లుతున్నారంటే కారణం ఇదే.

మన లిపికి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు కొలతలతో చేసిన టెంప్లేట్‌లో వరస ఎత్తును పిక్సెళ్ళలో బిగించేస్తారు. అందులో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు రాస్తే కిందికి దిగిన ఒత్తులు తర్వాతి వరస గుడులకు తగులుకుంటాయి. వరస ఎత్తును అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఇస్తే ఒత్తుకు ఊపిరాడుతుంది. ఈ చిన్న సవరణ చేయకుండా, తెలుగు మెయిల్‌లో బాగుండదని పోస్టర్‌కే పోవడం నాకు బాధగా ఉంటుంది.

నిజానికి దారి ఎప్పుడో వేశారు. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో రాసిన మైమ్ ప్రమాణం ప్రకారం ఒకే ఉత్తరాన్ని రెండు రూపాల్లో, సాదా అక్షరాల్లోనూ అలంకరణతోనూ, కలిపి పంపవచ్చు. అందుకునే సాఫ్ట్‌వేర్ తనకు చేతనైనది చూపిస్తుంది. అలంకరణ ఏ జల్లెడలో పోయినా మాట మిగులుతుంది. ఇంత మంచి ఏర్పాటు ఉండి కూడా చాలామంది ఆ సాదా భాగాన్ని ఖాళీగా వదిలేస్తారు. చూపు లేని పాఠకుడి సంగతి ఆలోచించండి. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాలను చదివి వినిపిస్తుంది. వివరణ లేని బొమ్మ ఎదురైతే అందులో ఏముందో చెప్పలేక ఊరుకుంటుంది. సభకు పిలిచి, ఎక్కడో చెప్పనట్టే. రెండేళ్ళ తర్వాత ఆ సభలో ఎవరు మాట్లాడారో వెతుక్కునేవాళ్ళకూ ఆ ఉత్తరం దొరకదు.

సంఘాల కార్యదర్శులకు నా విన్నపం ఇది. పోస్టర్ తప్పకుండా పంపండి. దాని కింద తేదీ, వేళ, వేదిక, ఫోన్ నంబరు యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. అయిదు నిమిషాల పని.