ద్రాక్షకి పందిరి

"ఇక్కడ ద్రాక్షకి పందిరి వెయ్యరామ్మా?"

రాత్రి భోజనాలప్పుడు కాలిఫోర్నియాలోని సొనోమా ద్రాక్షతోటల ఫొటోలు చూపిస్తుంటే నాన్న అడిగారు. శంషాబాద్ పక్కన అనాబెషాహి ద్రాక్ష పండించిన మనిషి.

ఇక్కడ వైర్లు కట్టి వరసలుగా పాకిస్తారు నాన్నా అన్నాను. ఫొటో పెద్దది చేసి చూశారు. "కాయ మరీ ఇంత చిన్నదా?"

చిన్న కాయ, మందపాటి తొక్క, లోపల గింజలు. రెడ్ వైన్‌కి రంగూ వగరూ వచ్చేది వాటి నుంచే.

శనివారం ప్లాన్: పొద్దున్నే షుగర్‌లోఫ్ రిడ్జ్ పార్కు. మేం బాల్డ్ మౌంటెన్ ఎక్కుతాం, 2,729 అడుగులు. పైనుంచి అటు నాపా, ఇటు సొనోమా. 2017లో, మళ్ళీ 2020లో కార్చిచ్చుకి కాలిన కొండలివి. అమ్మానాన్నలు కింద వాగు పక్కన నడుస్తారు.

దిగాక కెన్‌వుడ్‌లో ఒక్కటే వైనరీ. ఒక్కరోజులో నాలుగైదు చుట్టేస్తే ఏదీ గుర్తుండదు. డ్రైవింగ్ నాదే, కాబట్టి గ్లాసు ముట్టను.

నాన్నకి వైన్ అక్కర్లేదు. తీగ ఎలా కత్తిరిస్తారో, నీళ్ళెలా పెడతారో చూడాలి. తోటమనిషితో మాట్లాడాలి. ఆయన ముఖంలో అంత ఆత్రం చూసి చాలా ఏళ్ళైంది.

సొనోమా వైపు వాళ్ళూ, టేస్టింగ్ రూమ్‌తో సరిపెట్టకుండా తీగల మధ్యకి తీసుకెళ్ళే చోటు తెలిస్తే చెప్పరూ?