ప్రమాదం అనే మాట

సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే ఏమరుపాటు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకు యాక్సిడెంట్ అన్న అర్థమే స్థిరపడింది. కారణం పేరే ఫలితానికి పెట్టేశామన్నమాట! విమానాల మరమ్మతులో మనుషులు చేసే పొరపాట్లు తగ్గించడానికి ఇచ్చే ఆన్‌లైన్ శిక్షణ పాఠాలు చదువుతుంటే నాకు ఈ సంగతే మాటిమాటికీ గుర్తుకొచ్చింది.

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి బర్మింగ్‌హామ్ నుంచి మలగాకు బయల్దేరింది. పదిహేడు వేల అడుగుల ఎత్తున కాక్‌పిట్ ముందద్దం ఊడిపోయింది. గాలి వడికి కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వదల్లేదు. కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా 87 మందీ బతికి బయటపడ్డారు.

ఇంతకీ ఏం జరిగింది? ఆ అద్దాన్ని ముందురోజు తెల్లవారుజామునే బిగించారు. 90 బోల్టుల్లో 84 సన్నవి. తేడా అంగుళంలో వెయ్యింట 26 వంతులు! బిగించింది కుర్రవాడు కాదు, అనుభవమున్న షిఫ్టు మేనేజరు. క్యాటలాగు చూడకుండా, విప్పిన పాత బోల్టుతో కంటికి సరిపోల్చుకుని తీసుకున్నాడు. ఆ పాత బోల్టులూ సరైనవి కావు. వేయాల్సిన బోల్టు నంబరు స్టోర్సులో మనిషి చెప్పనే చెప్పాడు. చేసేవాడికి చూసేవాడు లోకువ కదా!

ఇలాంటి పొరపాట్లకు పన్నెండు కారణాలను 1993లో కెనడాలో గోర్డన్ డుపాంట్ జాబితా వేశాడు. అలసట, ఒత్తిడి, నాకంతా తెలుసన్న ధీమా, అడగడానికి మొహమాటం, ‘అందరూ ఇలాగే చేస్తారు’ అన్న అలవాటు వగైరా. విషయం తెలియకపోవడం ఆ పన్నెండింటిలో ఒక్కటి మాత్రమే. కాలేజీలో మనం నాలుగేళ్లూ కుస్తీ పట్టేది ఆ ఒక్కదానితోనే. మరి మిగతా పదకొండు?

ఆన్‌లైన్ పాఠం వాటి పేర్లు చెబుతుంది, ఉదాహరణలు చూపిస్తుంది, చివర పరీక్ష పెట్టి సర్టిఫికెట్టూ ఇస్తుంది. మంచిదే. కానీ ‘మొహమాటం’ అన్నచోట టిక్కు పెట్టడం వేరు. రాత్రి మూడింటికి, విమానం బయల్దేరే వేళ తరుముకొస్తుంటే, పైఅధికారితో “సార్, ఆ బోల్టు ఒక్కసారి చూద్దామండీ” అనడం వేరు.

ఆ గొంతు ఉద్యోగంలో చేరాక మొలవదు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దిద్దే అలవాటు మన ల్యాబుల్లో ఎవరికి తెలియదు? అదీ పాత బోల్టుతో కొలవడమే. “నాకు వేరే రీడింగు వచ్చింది సార్” అన్న కుర్రాణ్ణి మనం నవ్వకుండా, మాస్టార్లు కసరకుండా ఉంటే చాలు. ఆ శిక్షణ ఇక్కడే మొదలైనట్టు.