రికార్డుల నుంచి తొలగించిన ప్రశ్న

సెన్సారు మీద పిల్లల చేత చర్చ పెట్టించి, ఆ చర్చకు నేనే కత్తెర వేశాను. మార్కాపురంలో ఇన్నేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్న నాకు ఈ సంగతి ఒకపట్టాన మింగుడుపడలేదు.

2024 నవంబరులో రాజ్యాంగ దినోత్సవానికి మా బడిలో మాక్ అసెంబ్లీ పెట్టాం. సినిమా సర్టిఫికెట్ల అంశం నేనే ఎంచాను. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టానికి తెచ్చిన సవరణను 2023లో జులై 27న రాజ్యసభ, 31న లోక్‌సభ ఆమోదించాయి. 1983లో వచ్చిన ‘యూఏ’ను 7, 13, 16 ఏళ్ల లెక్కన మూడుగా విడదీశారు. సర్టిఫికెట్టుకు చట్టంలో ఉన్న 10 ఏళ్ల గడువు ఎత్తేశారు. సినిమా అంటే పిల్లలకు ఎలాగూ హుషారే, పరీక్షకూ పనికొస్తుందిలే అనుకున్నాను.

ఆ హుషారునే నమ్మలేదు నేను. మంత్రి ప్రసంగం, ప్రతిపక్షం ప్రశ్నలు, వాటికి జవాబులు అన్నీ రాసిచ్చి బట్టీ పట్టించాను. స్పీకరు పక్కనే కుర్చీ వేసుకుని గంట నా దగ్గరే పెట్టుకున్నాను.

యూఏ 16 సినిమాకు 16 నిండని వాళ్లను థియేటరు వాళ్లు లోపలికి పంపకూడదని మంత్రి నా కాగితం చూసి చదివాడు. ప్రతిపక్షంలో ఒకడు తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

“అధ్యక్షా, నాకు 14 ఏళ్లే, మీసాలొచ్చినాయి. మంత్రిగారికి 15 దాటినాయి, మూతి ఇంకా నున్నగానే ఉంది. గేటు కాడ ఎవర్ని ఆపుతారో సెలవియ్యాల!”

మంత్రే అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ గోలలోనే ఒకమ్మాయి లేచింది.

“పెద్దలు పక్కనుండాల అంటారు అధ్యక్షా. మా అమ్మా నాయనా గుంటూరు దిక్కు కూలికి పోయినారు. ఉండేది మా అవ్వ. ఫోన్లో సినిమా పెట్టియ్యమని నన్నే అడుగుతాది, పేర్లు పడేలోపే గురక పెడతాది. ఇప్పుడు ఎవరికి ఎవరు పెద్దదిక్కు?”

బల్లలు చరిచారు. నేను గంట కొట్టాను. “ఇది సభా, సంతా?” అని కసిరి, ఆ మాటలు రికార్డుల నుంచి తొలగిస్తున్నట్టు స్పీకరు చేత చెప్పించాను. అక్కణ్ణుంచి ఎవరి పాఠం వాళ్లు అప్పజెప్పారు. బిల్లు ఏకగ్రీవంగా పాసైంది. అతిథులు మెచ్చుకుని, టీ తాగి వెళ్లారు.

ఆ రాత్రి నోటీసు బోర్డుకు వార్త రాద్దామని చట్టం ప్రతి మళ్లీ తిరగేశాను. గుండె జారింది. వయసు చూసి గేటు దగ్గర ఆపాల్సింది ‘ఏ’ సర్టిఫికెట్టు సినిమాలకే, అదీ 18 నిండని వాళ్లను. యూఏ పక్కనుండే అంకె తల్లిదండ్రులకు చెప్పే సూచన మాత్రమే. దాన్ని పట్టుకుని థియేటరు వాళ్లు ఎవర్నీ ఆపనక్కర్లేదు. నేను రాసిచ్చిందే తప్పు. మీసాలవాడి వేళాకోళం సరిగ్గా ఆ తప్పు మీదే పడింది.

అమ్మాయి ఇంకా లోతుకు పోయింది. సూచన తల్లిదండ్రులకైతే, వాళ్లు ఇంట్లో లేనప్పుడు అది ఎవరికి? పైగా ఓటీటీలో నేరుగా వచ్చేవాటికి సెన్సారు బోర్డుతో పనే లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఆ సంస్థలే వయసు గుర్తు వేసుకుంటాయి. వానలు మొహం చాటేస్తే మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి, లేదంటే ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. ఆ పిల్ల మా ప్రాంతం గురించి అడిగింది. నాకు అల్లరి వినిపించింది.

పెద్దల సభలో మాత్రం నవ్వులుండవా? ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు, 2023 మార్చి 14న, రాజ్యసభలో అభినందనలు చెబుతూ ప్రతిపక్ష నేత ఖర్గే ఓ చురక వేశారు. ఈ ఘనత కూడా మాదే, సినిమాకు దర్శకత్వం వహించింది మోదీ గారే అనొద్దని అధికార పక్షాన్ని వేడుకున్నారు. అటువైపు వాళ్లూ, సభాధ్యక్షుడూ కూడా నవ్వేశారు. ఆ సినిమా కథకుడు విజయేంద్రప్రసాద్ ఆ సభలోనే సభ్యుడు. అంత పెద్ద సభకు పోని మర్యాద, మా తొమ్మిదో తరగతి సభకు పోతుందని నేను భయపడ్డాను.

సోమవారం క్లాసులో నా తప్పు ఒప్పుకున్నాను. “అయితే మేమన్నవి మళ్లీ రికార్డుల్లోకి ఎక్కిస్తారా సార్?” అన్నాడు మీసాలవాడు. మినిట్స్ పుస్తకం వాడి చేతికే ఇచ్చాను. గురకతో సహా రాశాడు.

ఇప్పుడు ప్రసంగాలు రాసివ్వను. చట్టంలోని సెక్షన్లు ఇచ్చి ఊరుకుంటాను. గంట స్పీకరు దగ్గరే ఉంటుంది. తోటివాళ్లను కించపరిస్తే మోగుతుంది. నిబంధనను ఆటపట్టిస్తే మాత్రం, మంత్రి జవాబు చెప్పేదాకా బిల్లు ఓటింగుకు పోదు.